పొత్తిళ్ల మామయ్య రాతిమీద మరిచిన ఫిల్టరు

చలికాలంలో కొండలెక్కేవాళ్లకు దారి చూపే ఆ పెద్దమనిషికి పొత్తిళ్ల మామయ్య అని పేరు పడిపోయింది. పిడికిట్లో పట్టే నీళ్ల ఫిల్టరును ఊలు మేజోడులో చుట్టి, స్వెట్టరు లోపల గుండెకు ఆనించుకుని తిరుగుతాడు మరి. రాత్రి దాన్ని దుప్పట్లో పెట్టుకునే పడుకుంటాడు. “నన్నేనాడైనా ఇంత పదిలంగా చూసుకున్నావా?” అని భార్య ఇరవై ఏళ్లుగా దెప్పుతూనే ఉంది.

ఆయన చాదస్తానికి కారణం లేకపోలేదు. వాడిన ఫిల్టరులో తడి మిగులుతుంది. అది గడ్డకడితే లోపలి సన్నని గొట్టాలు చిట్లిపోతాయి. పైకి మాత్రం ఏమీ తెలియదు. నీళ్లు వస్తూనే ఉంటాయి, రోగాలతో సహా.

ఈసారి ఆయన వెంట వచ్చింది ఒక్కరే, రిటైరైన లెక్కల టీచరమ్మ. మోకాళ్లు ఇంకో ఏడాది సహకరించవని డాక్టరు చెప్పేసరికి, పైనున్న కనుమ చూసి తీరాలని పంతం పట్టింది. రెండోరోజు సాయంత్రం ఆవిడ ఫిల్టరు సంచి బయటి జేబులో గడ్డకట్టి కనబడింది. మామయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. తన ఫిల్టరు తీసి రాతిమీద పెట్టి, ఖాళీ మేజోడుతో ఎలా చుట్టాలో చూపించాడు. ఆపైన ఆవిడ ఫిల్టరును అదే రాతికేసి బద్దలు కొట్టాడు.

“ఇన్నేళ్లు లెక్కలు చెప్పారు కదమ్మా, ఈపాటి లెక్క తప్పారేం?”

టీచరమ్మ ముఖం చిన్నబోయింది. గుడారంలోకి వెళ్లిపోయింది.

తెల్లారి రొమ్ము తడుముకుంటే మేజోడు ఖాళీ! మామయ్య బయటికి పరుగెత్తాడు. పాఠం చెప్పిన రాతిమీదే ఉంది ఫిల్టరు, ఒళ్లంతా మంచుతో. అరచేతుల మధ్య రుద్ది, వాగు నీళ్లు పోసి చూశాడు. బాగానే దిగుతున్నాయి.

“ఇవాళ భలే జోరుగా వస్తున్నాయే!” అంటూ వెనకనుంచి వచ్చిన టీచరమ్మ సీసా నింపుకుంది.

కనుమ ఇంకా నాలుగు గంటల నడక. వాగు ఎగువన పశువుల మంద ఉంది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. ఆవిడ సీసా నోటిదాకా ఎత్తింది. మామయ్య చటుక్కున లాక్కుని వంపేశాడు.

“తాగకండమ్మా. రాత్రంతా ఇది రాతిమీదే ఉంది. మిమ్మల్ని తిట్టే హడావిడిలో నేనే మరిచాను.”

“అయితే?”

“ఇక మరగబెట్టుకునే తాగాలి. ఉన్న గ్యాసు మనం కిందికి దిగేదాకానే సరిపోతుంది. కనుమ దాకా పోలేం.”

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి తుడుచుకుని, “మరి పగలగొట్టరేం? నాకో న్యాయం, మీకో న్యాయమా?” అంది.

మామయ్య తలొంచుకుని తన ఫిల్టరునూ ఆ రాతికేసే కొట్టాడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. స్టవ్ వెలిగించి, గిన్నె పెట్టి, తలెత్తకుండా కూర్చున్నాడు.

టీచరమ్మ వచ్చి పక్కనే కూర్చుంది. “ఇక్కణ్నుంచి కూడా కనుమ బాగానే కనిపిస్తోంది లెండి” అంది.

మామయ్య తలెత్తి చూశాడు. కొండంతా మబ్బు కమ్మి ఉంది.