ఇద్దరూ మింగాల్సిన గోలీలు

తెల్లబట్ట అవుతోందని ఆ అమ్మాయి మూడోసారి దవాఖానకు వచ్చినప్పుడు నాకు కోపం రాలేదు, నీరసం వచ్చింది. అప్పుడు నేను సిద్దిపేట దగ్గర ఒక ఊళ్లో నర్సును. రిటైర్మెంటు దగ్గరపడింది.

ఆమె భర్త ముంబై దగ్గరి భీవండిలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు. పండుగలకు వస్తాడు. వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఈమెకు పచ్చటి నీరు, దురద, మూత్రంలో మంట. ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి అని పరీక్షలో తేలింది. అది కలయికతోనే అంటుతుంది. మగవాళ్లలో చాలామందికి ఏ బాధా తెలియదు. భార్యకే మందు వేసి భర్తను వదిలేస్తే మళ్లీ అంటుతుందని డాక్టరమ్మ పోయినసారే ఇద్దరికీ గోలీలు రాసింది.

“ఆయన గోలీలు ఏం చేసినవ్ బిడ్డా?”

“అవి గూడ నేనే మింగిన మేడం. డబుల్ మింగితే జల్ది తగ్గుతదనుకున్న.”

“ఆయనకెందుకియ్యలే?”

“ఇస్తే, ఎవనితోని తెచ్చుకున్నవే అంటడు.”

పైగా సబ్బుతో లోపలంతా కడుక్కుంటోంది. అది ఇంకా చేటు, మానెయ్యమన్నాను. ఇప్పుడు ఆమె గర్భవతి. ఈ జబ్బుతో నెలలు నిండకముందే కాన్పు కావచ్చని డాక్టరమ్మ చెప్పాక భయపడింది. “ఈసారి మీరే చెప్పుండ్రి ఆయనకు,” అంది.

దసరాకు అతను వచ్చిన రోజే వాళ్లింటికి వెళ్లాను. తప్పెవరిదన్న మాట ఎత్తకుండా, ఇద్దరూ మింగితేనే కడుపులో బిడ్డకు మేలన్నాను. అతను కాదనలేదు.

“మింగి కల్లు తాగితే ఏమైతది?”

“వాంతులైతయి. గోలీలు మింగినంక మూడు రోజులు ముట్టద్దు తమ్మీ.”

“భీవండి నుంచి పండుగకొచ్చి కల్లు ముట్టద్దా! దోస్తులు నవ్వరా? పండుగైనంక మింగుత తియ్యి.”

గడపలో కూర్చున్న అతని తల్లి అందుకుంది. “అయితే గప్పటిదాంక కోడలు నా పక్కన పంటది.”

“నీకెందుకే అవ్వా గీ పంచాయతి?”

“మనుమడు నాక్కూడ కావాలెరా.”

ఆమె అన్నంత పనీ చేసింది. పండుగ మరునాడే సేటు పిలిచాడని అతను బస్సెక్కాడు, గోలీలు జేబులోనే పెట్టుకుని.

కోడలు తన గోలీలన్నీ మింగింది. మళ్లీ పరీక్ష చేస్తే జబ్బు లేదు. ఆ మాట చెప్పినా ఆమె ముఖం తేటపడలేదు.

“ఫోన్ల అడిగితే మింగిన అంటుండు. నమ్మాల్నా మేడం? ఆయనొచ్చే ముందుగాల్నే నేను మల్ల మింగి పెట్టుకుంటే అంటకుండ ఉంటదా?”

“అంటుతది బిడ్డా. ముందు మింగితే ఆగదు.”

ఎంతమందికి చెప్పానో ఆ మాట. నిరోధ్ ప్యాకెట్లు ఆమె చేతిలో పెట్టాను. కొంగున ముడేసుకుంది.

“గివి అత్తమ్మకిస్త. నేనిస్తే కొడ్తడు. ఆమె ఇస్తే తల వంచుకోని తీస్కుంటడు.”