బాణం తిరగబడ్డ టైరు

అందరూ అతన్ని బాణం మేస్త్రి అంటారు. టైరు బిగించడానికి ఎవరొచ్చినా ముందు దాని పక్కభాగం మీదున్న బాణం గుర్తు చూపిస్తాడు. "బండి ముందుకు పోతుంటే చక్రం ఇటే తిరగాలి, చూశారుగా?" అని ఒప్పించుకుని గాని నట్టు ముట్టుకోడు. కొన్ని రకాల టైర్లకే ఆ గుర్తు ఉంటుంది. లేని టైరుకి కూడా ఒకటికి రెండుసార్లు వెతుకుతాడు. "అంతగా కావాలంటే సుద్దముక్కతో నేను గీస్తాలే మేస్త్రీ" అని నవ్వుతారు జనం. అతను నవ్వడు.

ఈ చాదస్తం పుట్టుకతో వచ్చింది కాదు. బాణం ఉన్న టైరు మీద గాడులు ఏటవాలుగా ఉంటాయి. తడి రోడ్డు మీద చక్రం కిందికొచ్చిన నీళ్ళని అవి రెండు పక్కలకీ నెట్టేస్తాయి, రబ్బరు రోడ్డుని పట్టుకుంటుంది. అదే టైరుని తిప్పి బిగిస్తే నీళ్ళు సరిగ్గా బయటికి పోవు. పొడి రోడ్డు మీద మాత్రం ఏ తేడా తెలియదు. వాన వచ్చేదాకా తప్పు దాక్కునే ఉంటుంది.

ఆరేళ్ళ కిందట చెల్లెలి భర్త టాక్సీ తెచ్చాడు, ముందు చక్రం పంక్చరు. ఆయన వస్తే దుకాణంలో పని సాగేది కాదు, అన్నీ పరాచికాలే.

"మీ చెల్లెలి చేతి వంట తిని కూడా బతికే ఉన్నాను. ఇక నాకేం కాదు బావా."

పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూనే మేస్త్రి టైరుని రిమ్ముకెక్కించాడు.

మూడోనాడు వాన. మలుపులో టాక్సీ జారి గోడకి కొట్టుకుంది. వేగంగా నడిపాడన్నారు. లోకానికి ఆ ఒక్క మాట చాలు, పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా. మర్నాడు మేస్త్రి ఆ నుజ్జయిన కారుని చూడటానికి వెళ్ళాడు. తను బిగించిన టైరు మీద బాణం వెనక్కి చూస్తోంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరిగొచ్చాడు.

ఆ ఒక్క టైరు వల్లే జారిందని ఎవరూ చెప్పలేరు. కాదనీ చెప్పలేరు. ఆ రెండో మాటే అతన్ని తినేసింది. వాన మొదలైతే చాలు, తడి రోడ్డు మీద కార్ల చప్పుడు మధ్య బావ నవ్వు వినిపిస్తుంది. ఒకసారి "ఏం బావా" అని బయటికి పలికేశాడు కూడా. గుమ్మంలో ఎవరూ లేరు.

చెల్లెలు ఇంట్లో భర్త ఫొటో ఉంచలేదు. "నేను గుర్తుంటే నిదానంగా నడిపేవాడు. గుర్తురాలేదు, అంతే" అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ మేస్త్రి ఏదో పని ఉందని లేచిపోయేవాడు.

ఈ వానాకాలం ఆమె డ్రైవింగ్ నేర్చుకుని ఒక పాత కారు కొంది. కొత్త టైర్లతో దుకాణానికి వచ్చేసరికి చినుకులు పడుతున్నాయి.

"నువ్వే బిగించు అన్నయ్యా. నేనేం ఆయనలా దూకుడుగా నడపనులే."

కారు జాకీ మీదికి లేచింది. చక్రం విప్పబోయిన మేస్త్రి స్పానరు కింద పెట్టేశాడు.

"అమ్మాయ్, బావ వేగంగా నడపలేదేమో. ఆ టైరు నేనే తిప్పి బిగించాను. నవ్వుతూ చూసుకోలేదు. బాణం వెనక్కి ఉంది."



"నీకెప్పుడు తెలిసింది?"

"మర్నాడే."

"మర్నాడేనా?"

మేస్త్రి తల వంచుకున్నాడు.

"పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అన్నయ్యా. అప్పుడే చెప్పి ఉంటే ఆయన కోసం ఏడ్చి ఉండేదాన్ని. ఆరేళ్ళూ తిట్టుకుంటూ కూర్చున్నాను."

కారు అలాగే వదిలేసి ఆమె వానలోకి నడిచింది. కొంతదూరం పోయాక గోడని పట్టుకుని నిలబడిపోయి, భర్తని పిలుస్తూ ఏడ్చింది. మేస్త్రికి ఆ ఏడుపు దుకాణం దాకా వినిపించింది. వెళ్ళి ఓదార్చడానికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో అతనికి తెలియలేదు.