రెప్ప వేసే బల్లి

ఎండకు కాగిన రాతిగోడ మీద చెయ్యి పెడితే చాలు, నాకు పద్మజ ఆంటీ గుర్తొస్తారు. ఈ ఉదయమూ అంతే. నేను బళ్లో సైన్స్ టీచర్‌ని. సిన్సినాటిలో మేము చిన్నప్పుడున్న అపార్ట్‌మెంట్ల వెనక గోడ దగ్గరికి నా క్లాసు పిల్లల్ని తీసుకెళ్లాను. రాళ్ల సందుల్లోంచి గోడబల్లులు ఒక్కొక్కటే ఎండలోకి వచ్చాయి. ఎప్పుడో ఎవరో ఇటలీ నుంచి తెచ్చి వదిలితే ఇక్కడే స్థిరపడి ఊరంతా నిండిన జాతి అది.

ఆంటీ మా పక్కింట్లో ఉండేవారు. గుంటూరులో జువాలజీ లెక్చరర్‌గా చేశారు. అంకుల్ ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాక డిపెండెంట్ వీసా మీద పని చెయ్యడానికి వీల్లేకపోయింది. "పాఠం చెప్పని రోజు నాకు అన్నం సహించదు వదినా" అని అమ్మతో నవ్వుతూనే అనేవారు గానీ, ఆ దిగులు చిన్నపిల్లనైన నాకూ తెలిసేది. అందుకే కాబోలు, నేను స్కూల్ నుంచి రాగానే గోడ దగ్గర కూర్చోబెట్టుకునేవారు. మగబల్లి పక్కల మీది నీలి చుక్కలు, తెగిన చోట పెరిగే కొత్త తోక, అన్నీ నన్నే చూసి చెప్పమనేవారు.

ఒకరోజు ఓ బల్లి జారి నా భుజం మీద పడింది. అమ్మ నాకు తలస్నానం చేయించి, పంచాంగం తీసి ఫలం చూసింది. చూసినదేదో నచ్చలేదు. ఇక గోడ వైపు వెళ్తే ఊరుకోనంది. ఆంటీకి ఉన్న ఒక్క క్లాసూ పోయింది.

ఆవిడ వాదించలేదు. మర్నాడు ఫ్లాస్కులో టీ పోసుకొచ్చి, అమ్మను గోడ ఎదుట కూర్చోబెట్టారు.

"దాని కన్ను చూస్తూ ఉండండి వదినా."

చాలాసేపటికి అమ్మ అంది, "రెప్ప వేసిందే."

"మన ఇంటి బల్లికి రెప్పలుండవు. అది రాత్రిళ్లు తిరుగుతుంది, పలుకుతుంది. ఇది పగలు ఎండ కోసం వస్తుంది. పంచాంగం రాసినవాళ్లు దీన్ని చూసి ఉండరు."

"మరి ఇది మీద పడితే ఏమవుతుంది?"

"దానికే దెబ్బ తగులుతుంది."

అమ్మకు టీ పొలమారేంత నవ్వొచ్చింది. ఆ మర్నాటి నుంచి తనూ నా పక్కన కూర్చునేది.

తర్వాత ఆంటీవాళ్లు చాండ్లర్ అనే దూరపు ఊరికి వెళ్లిపోయారు. అంత చదువుకుని అమెరికాలో ఖాళీగా కూర్చుంది పాపం అని ఆవిడ గురించి ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ ఉదయం నా పిల్లలకు నేనేమీ చెప్పలేదు, దాని కన్ను చూస్తూ ఉండమన్నాను. చాలాసేపటికి వెనకున్న ఒక అమ్మాయి మెల్లగా "మిస్, ఇట్ బ్లింక్డ్" అంది. పిల్లలు బస్సెక్కగానే చాండ్లర్‌కి ఫోన్ చేసి, ఆ అమ్మాయి అన్న మాట ఆంటీకి చెప్పాను.

"క్లాసుకి అందరూ వచ్చారా?" అన్నారు ఆంటీ, అదే లెక్చరర్ గొంతుతో.

"వచ్చారు ఆంటీ. మీ క్లాసు కదా."