బొంబాయికి కిరాయి ఎంత

నా చిన్నప్పుడు పటాన్‌చెరు నుంచి బొంబాయికి విమానంలో వెళ్లానని మా అమీన్‌పూర్ అపార్ట్‌మెంటు పిల్లలకు చాలాసార్లు చెప్పాను. కిటికీ పక్క సీటు నాదేననీ, మబ్బులు చేతికి తగిలాయనీ, విమానం నడిపే ఆయన స్వయంగా వచ్చి బిస్కెట్లు ఇచ్చాడనీ కూడా చెప్పాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం తగ్గించుకోవాలి. నేను వెళ్లింది రైల్లో, మూడో తరగతిలో. కిటికీ పక్కన ఉన్నది ఎవరిదో కోళ్ల గంప. అయితే ఒక్కమాట మాత్రం నిజం. విమానం టికెట్టు ఎంతో, రైలు టికెట్టు ఎంతో, బస్సుకెంతో, టాక్సీకెంతో మా వీధి పిల్లల్లో నా ఒక్కడికే తెలుసు. అదెట్లా తెలిసిందో చెబుతాను.

అప్పట్లో మా అమ్మానాన్నలు బొంబాయిలో ఉండేవారు. నాన్నకు అక్కడ బట్టల మిల్లులో పని. వాళ్లుండే గదిని ఇంకో కుటుంబంతో పంచుకోవాల్సి వచ్చి, నన్ను మా తాతయ్య దగ్గర వదిలిపెట్టారు. తాతయ్యది పటాన్‌చెరులో కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మా నానమ్మ అంతకు ముందే పోయింది. కాబట్టి ఆ ఇంట్లో ఉన్నది మేమిద్దరం. దుకాణంలో పదిమందితో పది రకాలుగా మాట్లాడే మనిషి, తలుపులు వేసి లోపలికి వచ్చాక దాదాపు మాట్లాడేవాడు కాదు. అన్నం తానే వండేవాడు. నా కంచంలో పప్పు వేసి, తన కంచంలో వేసుకుని, నెమ్మదిగా తినేవాడు. మాటలన్నీ పగలే అమ్ముడుపోయాయేమో అనిపించేది నాకు.

దుకాణం ఎదురుగా ఉన్నది బొంబాయి రోడ్డు. బడి నుంచి రాగానే జొన్నల బస్తా ఎక్కి కూర్చుని లారీలను చూసేవాణ్ని. పటాన్‌చెరు దాటితే సంగారెడ్డి, ఆ తర్వాత జహీరాబాద్, ఆ తర్వాత షోలాపూర్, ఆ తర్వాత ఎక్కడో మా అమ్మ. అమ్మ ఎంతో దూరంలో ఉందని తెలియడం ఒక బాధ. అమ్మ దగ్గరకు పోయే రోడ్డు మన ముందు నుంచే పోతుంటే, దాని పక్కన కూర్చుని ఉప్పు పొట్లాలు కట్టడం వేరే బాధ. లారీ వెళ్లిపోయాక దుమ్ము చాలాసేపు కిందికి దిగేది కాదు. నేను అది దిగేదాకా చూసేవాణ్ని.

ఒకరోజు ఏమీ ఎరగనట్టు తాతయ్యను అడిగాను, బొంబాయికి పోవాలంటే కిరాయి ఎంత అవుతుందని. ఆయన నా ముఖం వైపు చూడకుండానే, అడిగి తెలుసుకో అన్నాడు. ఆ తర్వాత ఇంకోమాట కూడా అన్నాడు.

"పోవాల్నని ఉన్నట్టు అడగకు బిడ్డా. అవసరం మొఖంల కనబడ్డదా, కిరాయి పెరుగుతది."

అది ఆయన వ్యాపారంలో మొదటి పాఠం. మిరపకాయలు కొనడానికి సదాశివపేట వెళ్లినప్పుడు నన్నూ తీసుకెళ్లేవాడు. కుప్ప ముందు నిలబడి వానల గురించి మాట్లాడేవాడు. ఒక కాయ విరిచి వాసన చూసి, నచ్చనట్టు పెదవి విరిచేవాడు. ధర విని "సూద్దాం తియ్" అని నడక మొదలుపెట్టేవాడు. అడుగులు ముందుకే పడేవి, చెవులు మాత్రం ఆ కుప్ప దగ్గరే ఉండేవి. కొద్దిదూరం పోగానే అమ్మేవాడు వెనక్కి పిలిచేవాడు. పిలవకుండా ఉన్నవాణ్ని నేను చూడలేదు. అందుకే ఇష్టమైనదాన్ని దక్కించుకునే పద్ధతి అదొక్కటేనని నాకు స్థిరపడిపోయింది.

సరే, నా విచారణ మొదలైంది. బస్టాండులో ఒక కండక్టరును, మా తాతకు కావాలి అని చెప్పి అడిగాను. బొంబాయికి నేరుగా బస్సు లేదనీ, జహీరాబాద్‌లో ఒకటి, షోలాపూర్‌లో ఒకటి మారాలనీ, టికెట్లకు తోడు దారి పొడుగునా తిండి ఖర్చు ఉంటుందనీ చెప్పాడు. నాంపల్లి వెళ్లి రైలెక్కితే అంతకన్నా తక్కువకు పోవచ్చనీ, నా ఈడు పిల్లలకు సగం టికెట్టేననీ కూడా ఆయనే చెప్పాడు. టాక్సీ సంగతి మా దుకాణం ముందు అంబాసిడర్ నిలిపే డ్రైవరు మామ చెప్పాడు.

"ఒక్కనివి కూసున్నా గదే కిరాయి, ఐదుగురు కూసున్నా గదే కిరాయి. నేను వాపస్ ఖాళీగ రావాలె గద? దానిక్కూడ నువ్వే ఇయ్యాలె."

ఇక విమానం. రామచంద్రాపురం వైపున్న పెద్ద కార్ఖానాలో పనిచేసే ఒక ఇంజనీరు సబ్బులకు, చాయ్‌పత్తాకు మా దగ్గరికి వచ్చేవాడు. ఉత్తరాది మనిషి. పని మీద ఆయన్ను బేగంపేట నుంచి విమానంలో పంపేవారు. నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో, ఈసారీ తాత పేరే చెప్పి అడిగితే, సేఠ్‌జీకి ఏం తొందరొచ్చింది అని నవ్వి ధర చెప్పాడు. ఆ తర్వాత ఆయన నన్ను విమానం ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పాడని రాద్దామనుకున్నాను. తిప్పలేదు. ఒక పిప్పరమెంటు కొనిచ్చాడు, అదీ మా దుకాణంలోదే.

రూపాయల్లో చెబితే అంత పెద్ద మొత్తం నా బుర్రకెక్కేది కాదు. తాతయ్య దుకాణం సరుకుతో చూపించాడు. రైలు అంటే సగం బస్తా జొన్నలు. నాకైతే అందులో సగం. బస్సు అంటే అంతకు కొంచెం ఎక్కువ, పైగా ఒళ్లు నొప్పులు. విమానం అంటే నా ఎత్తున పేర్చిన బెల్లం. టాక్సీ అంటే ఆ గోడకు ఆనించి ఉన్న సరుకంతా. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. ఒక్క మనిషికైతే కారు కన్నా విమానమే చవక. గట్టిగా ఆ మాట అనేశాను. ఉప్పు కోసం వచ్చిన కర్దనూర్ రైతు ఒకాయన పడీపడీ నవ్వాడు. తాతయ్య నవ్వలేదు. "లెక్క తప్పు లేదు" అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకన్నా పెద్ద మెప్పు ఉండదు.

అంతా అయ్యాక కూడా ఎందుకు అడిగావని ఆయన అనలేదు. నేనూ చెప్పలేదు. అవసరం ముఖంలో కనిపించకుండా దాచడం నాకు బాగానే వచ్చిందని లోపల గర్వపడ్డాను.

ఆ వేసవిలో కొండాపూర్‌లో చుట్టాల పెళ్లికి నాన్న వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. చెల్లెలు పుట్టిందట, అమ్మ చంటిపిల్లతో ప్రయాణం చేయలేకపోయింది. మా నాన్న బేరం రాని మనిషి. చెప్పిన ధర చెప్పినట్టు నమ్మేవాడు. దుకాణం వదిలి మిల్లు పనికి పోయింది అందుకేనని తాతయ్య అనేవాడు. పెళ్లి అయ్యాక, తెల్లారి బయలుదేరతాడనగా, దుకాణంలో నా పక్కన కూర్చుని అడిగాడు.

"వస్తవా బొంబాయికి? ఇప్పుడు గది మనొక్కలదే. మీ అమ్మ తీస్కరమ్మంది."

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో నాకే తెలుసు. అందుకే ముఖం బిగించుకున్నాను. కావాలని కనబడితే పోతుంది కదా.

"సూద్దాం తియ్. ఈడ దుకాణం ఉంది గద" అన్నాను.

అని బస్తా దిగి రోడ్డు వైపు నడిచాను. అడుగులు ముందుకు, చెవులు వెనక్కి. ఒక లారీ పోయింది. దుమ్ము లేచింది. రోడ్డు అంచు దాకా వచ్చేశాను. ఎవరూ పిలవలేదు. తిరిగి చూస్తే నాన్న తల వంచుకుని గ్లాసులో నీళ్లు తాగుతున్నాడు. వీనికి ఈడ్నే మంచిగున్నట్టుంది, ఉండనీ, అని తాతయ్యతో అంటున్నాడు. తాతయ్య ఎవరికో శనగపప్పు తూస్తున్నాడు. తూకం సరిపోయినా ఇంకా రెండు గింజలు వేస్తూ తీస్తూ ఉన్నాడు.

నేను వెనక్కి వెళ్లి కావాలని చెప్పవచ్చు. కానీ ఒకసారి నడిచిపోయినవాడు తనంతట తాను తిరిగి రావడం మా ఇంట్లో ఎవరూ చేయని పని. ఆ సాయంత్రమంతా నాన్న చుట్టూ తిరిగాను, ఇంకోసారి అడుగుతాడేమోనని. ఆయన అడగలేదు. కొడుకు తనను వద్దనుకున్నాడని ఆయన బాధ ఆయనకుంది.

తెల్లారి నాన్నను సాగనంపడానికి పటాన్‌చెరు సగం జనం బస్టాండుకు వచ్చారు. సరే, అంతమంది రాలేదు. చాయ్ పోసేవాడు, టాక్సీ మామ, తాతయ్య, నేను. పొద్దుటి గిరాకీ వేళ తాతయ్య దుకాణం మూసి రావడం నేనెన్నడూ చూడలేదు. ఆయన చేతిలో ఒక గుడ్డ సంచి ఉంది. దారిలో తినడానికి నాన్నకేమో అనుకున్నాను. నాంపల్లి బస్సు వచ్చి ఆగింది. నాన్న కాలు మెట్టు మీద పెట్టాడు.

"ఆగు కొడుకా" అన్నాడు తాతయ్య. "పిలగాన్ని పిలువు."

"వాడే వద్దన్నడు గద నాయినా."

"వాడు వద్దనలే. బేరం చేసిండు. నేనే నేర్పిన గట్ల. వెనక్కి పిలుస్తవని సూసిండు పాపం." నా వైపు తిరిగాడు. "బేరం దుకాణంలనే బిడ్డా. ఇంటోళ్ల కాడ కావాల్నంటే కావాల్ననాలె. సెప్పు మీ నాయినకు."

ముఖం ఎట్లా పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి, "నాకు అమ్మ కావాలె" అన్నాను. అది చాలా చిన్న గొంతుతో వచ్చింది. నాన్న ఒక్క ఉదుటున దిగి నన్ను ఎత్తుకున్నాడు. ఎత్తుకునే వయసు దాటిపోయినా ఎత్తుకున్నాడు. తాతయ్య తన చేతిలోని సంచిని నాన్న భుజానికి తగిలించాడు. అందులో ఉన్నవి నా బట్టలు. ఎప్పుడు సర్దాడో తెలియదు.

బస్సు మెట్టు మీద నుంచి నేను, నువ్వు గూడ రా తాతా, అన్నాను.

"సూద్దాం తియ్. దుకాణం ఉంది గద" అన్నాడాయన.

అని వెనుదిరిగి నడిచాడు. చురుగ్గా నడిచే మనిషి, ఆరోజు చాలా మెల్లగా నడిచాడు. కండక్టరు విజిల్ వేశాడు. వెనక అద్దంలోంచి చూస్తే ఆయన రోడ్డు అంచున ఆగి ఉన్నాడు. మా వైపు తిరగలేదు.

లింగంపల్లి దాటేసరికి నాకు అర్థమై ఏడ్చానని రాయబోయాను. అది అబద్ధం. లింగంపల్లి దగ్గర నేను చెల్లెలు ఎట్లా ఉంటుందని నాన్నను అడుగుతున్నాను. ఆయన రోడ్డు అంచున ఎందుకు ఆగాడో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి తాతయ్య లేడు. మధ్యలో నాన్న ఎన్నోసార్లు ఆయన్ను బొంబాయికి రమ్మన్నాడు. ప్రతిసారీ ఒక్కసారే అడిగాడు. ఆయన ప్రతిసారీ చూద్దామన్నాడు.

అందుకే నేను ఎవరినైనా రెండుసార్లు అడుగుతాను. మా అపార్ట్‌మెంటులో దీన్ని అందరూ ఎగతాళి చేస్తారు. కింది అంతస్తులో భార్య పోయిన ఒక పెద్దాయన ఉన్నాడు. సాయంత్రం చెరువు గట్టుకు నడుద్దామా అంటే, మీరు వెళ్లండి, నాకు పనుంది అంటాడు. నేను సరేనని వెళ్లిపోను. గుమ్మంలోనే నిలబడి ఇంకోసారి అడుగుతాను. రెండోసారి అడిగితే చాలామంది చెప్పులు వేసుకుంటారు.