జిగురు ఆరేదాకా

మీరెవరూ నన్ను వాడి గురించి ఒక్కసారి కూడా అడగలేదు. మీ తాత ఎట్లా పోయాడో అడిగారు. నా గాజులు ఎవరికి ఇస్తానో అడిగారు, అదైతే రెండేసిసార్లు అడిగారు. ఆ గోడకున్న గిటార్ మీద తడి తువ్వాళ్లు ఆరేసుకుంటారు గానీ, దాన్ని చేసినవాడెవడే అమ్మమ్మా అని ఒక్కరి నోటా రాలేదు. నా తమ్ముడు చేశాడు దాన్ని. మీకు తాత వరస. ఆ ఫోన్లు పక్కన పడేసి కూర్చోండి, చెబుతాను.

వాడిది గిడ్డంగిలో పని. ఎక్కడెక్కడినుంచో పెద్ద పెద్ద మిషన్లు చెక్కపెట్టెల్లో వచ్చేవి. మేకులు పీకి, పలకలు ఊడదీసి, మిషన్ని బయటికి తీసేవాడు. ఊడిన పలకల్ని మిగతావాళ్లు పొయ్యిలోకి పట్టుకుపోయేవాళ్లు. వీడు ఒక్కో పలకనీ రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుని, వేలికణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఠక్కుమని ఆగిపోతే వంటకి. కాసేపు మోగుతూ ఉంటే ఇంటికి. మా అమ్మ చూసి, "ఏరా, లోపల ఎవరైనా ఉన్నారేమోనని తడుతున్నావా?" అనేది.

గిటార్ చేయడం వాడికెవరూ నేర్పలేదు. బ్యాండులో వాయించే అతనొకడు విరిగిన గిటార్ తెచ్చి, అతికించి పెట్టమన్నాడు. వీడు అతికించకుండా మొత్తం విప్పేశాడు. రెండు నెలలు ఆ ముక్కలన్నీ మంచం మీద పరుచుకుని, తను కింద పడుకున్నాడు. బ్యాండు అతను రోజూ వచ్చి తిట్టిపోయేవాడు. చివరికి వీడు దాన్ని మళ్లీ కూర్చి ఇస్తే, అతను రెండు తీగలు మీటి చూసి, తిట్టడం మానేసి గుండెకి ఆనించుకుని పట్టుకుపోయాడు. ఆ తర్వాత పెట్టెచెక్కలతో సొంతంగా చేయడం మొదలుపెట్టాడు.

ఇల్లంతా గందరగోళం. సన్నటి పలకను వేడినీళ్లలో నానబెట్టి, కాలిన ఇనపగొట్టం మీద మెల్లగా వంచాలి. పదింట్లో నాలుగు ఫట్టుమని విరిగేవి. జిగురు డబ్బా పొయ్యి మీద కాగుతుంటే ఆ కంపుకి పక్కింటివాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. గోళ్లలో జిగురు, జుట్టులో జిగురు. వీధిలో అందరూ వాడిని జిగురనే పిలిచేవాళ్లు. అసలు పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా కనపడలేదు.

ఆదివారం మధ్యాహ్నం వెనక వసారాలో వీడి జతగాళ్లు చేరేవాళ్లు. ఒకడు దర్జీ. ఒకాయన గడియారాలు బాగుచేస్తాడు. ఇంకొకడు బస్సు కండక్టరు. ఎవరి గిటార్ వాళ్లే చేసుకున్నారు. దర్జీ గిటార్ మెడ ఒక పక్కకి వంకర, అచ్చం వాడి మెడలాగే. నలుగురూ పాటలు వాయించేవాళ్లా అంటే వాయించేవాళ్లు. కానీ ఎప్పుడూ నెమ్మది పాటలే. ఊపున్న పాట ఒక్కటి వాయించండిరా అని నేనంటే, కండక్టరు, "ఊపులో తప్పులు దాక్కుంటాయక్కా" అన్నాడు. ఒక తీగ మీటి, అది పూర్తిగా చచ్చిందాకా నలుగురూ తలలు వంచుకుని వినేవాళ్లు. చూస్తే ఏదో చావు కబురు విని కూర్చున్నట్టుండేది. తర్వాత మొదలయ్యేది గొడవ. నాలుగో తీగ గరగరమంటోందని ఒకడు, తీగ కింద ఉండే ఆ ఇత్తడి మెట్టు కాస్త అరగదీయాలని ఒకడు. పాట అక్కడే ఆగిపోయేది. తీగలు వదులు చేసి ఆకురాయి పట్టుకునేవాళ్లు. పాతికేళ్లలో ఆ వసారాలో ఒక్క పాట చివరిదాకా వెళ్లడం నేను చూడలేదు.

వాళ్లకి పాట వినపడదు. చెక్క వినపడుతుంది. అదీ వాళ్ల జబ్బు.

ఇక నా మరదలు. జిగురు పెళ్లాం. నూలుమిల్లులో దారం చుట్టే మిషన్ దగ్గర పని. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. దానికొక పాట ఉండేది. మాటల్లేవు, ఉత్త కూనిరాగం. వాళ్లమ్మ పనిచేసుకుంటూ తీసేదట. వాళ్లమ్మకెవరు నేర్పారో తెలీదు. వాళ్లమ్మ పోయింది, అక్కచెల్లెళ్లు లేరు, పిల్లలు పుట్టలేదు. ఆ రాగం దాని ఒక్కదాని నోట్లోనే మిగిలింది. అంట్లు తోమేటప్పుడు, తలదువ్వుకునేటప్పుడు తీస్తూనే ఉండేది. నేను పక్కనే ఉండేదాన్ని. వినేదాన్నేమో గానీ, పట్టించుకోలేదు.

కొత్త గిటార్ తయారైన ప్రతిసారీ వాడు ముందు ఆ రాగమే వాయించేవాడు. అది మొదటి సగం దాకా వచ్చేసరికి పైనున్న సన్న తీగ మీదికి వెళ్తుంది. అక్కడ ఏదో ఒక లోపం బయటపడేది. ఆపేసేవాడు. రెండో సగం వాడెప్పుడూ వాయించలేదు, మరదలు ఇంట్లో తీస్తున్నా వాడి చెవి చెక్క మీదే ఉండి పట్టుకోలేదు. కూర్చోబెట్టి వినిపిస్తానని ఆ పిల్ల ఎన్నిసార్లు అన్నదో.

"ఏమండీ, ఒక్కసారి చివరిదాకా వాయించరాదూ" అనేది.

"వాయిస్తానే. ఈ మెట్టొకటి సరిచేసి."

"పెళ్లయినప్పటినుంచీ మెట్లే సరిచేస్తున్నారు. అన్ని మెట్లు ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది."

ఆ మాట అంటూ నవ్వేది, నవ్వితే దగ్గొచ్చేది. ఆయాసం నిజమే. ఇరవై రెండేళ్లు ఆ దూది దుమ్ము పీల్చింది. డాక్టరు ఫొటో తీసి, ఊపిరితిత్తులు సగం పోయాయన్నాడు. మిల్లువాళ్లు ఇంట్లో కూర్చోమన్నారు. కూర్చుంది. కూనిరాగం తీయాలన్నా మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. రానురాను మానేసింది.

అది రాగం మానేశాక మూడు నెలలు వాడు కష్టపడి ఒక గిటార్ చేశాడు. ఇది నీ కోసమే, ఇందులో నీ పాట మొత్తం వాయిస్తానన్నాడు. గిడ్డంగిలో దొరికిన అన్ని పలకల్లోకీ మంచి పలక దాని ముందుభాగానికి పెట్టాడు. ఒక బుధవారం పొద్దున తీగలు కట్టాడు. నేనక్కడే ఉన్నాను. మరదలికి ఆ రోజు కాస్త బాగుంది. గోడకి దిండు ఆనించుకుని కూర్చుంది. "ఇవ్వాళ గొంతు కుదిరింది వదినా, రెండో సగం పాడతాను, వింటే ఈయన పట్టుకుంటారు" అంది.

వాడు మొదలుపెట్టాడు. నాకు సంగీతం తెలీదు, అయినా చెబుతున్నాను, ఆ గిటార్ మోత వేరు. గది పెద్దదైనట్టు అనిపించింది. మొదటి సగం అయింది. సన్న తీగ మీదికి వెళ్లాడు. మరదలు నోరు తెరిచింది పాడటానికి. వాడు ఆపేశాడు.

"ఏమైందండీ?"

"లోపలెక్కడో జుయ్యిమంటోంది. నీకు వినపడలా?"

"నాకేం వినపడలా. కానివ్వండి."

"లేదు, బద్ద ఊడింది. లోపలి బద్ద. ఒక్క నిమిషం."

తీగలు వదులు చేశాడు. పొట్టలో చెయ్యి పెట్టి తడిమాడు. నిజమే, చిటికెనవేలంత బద్ద ఒకటి ఊడింది. పొయ్యి వెలిగించి జిగురు పెట్టాడు. "పోనీ గిటార్ లేకుండానే పాడతాను, వినండి" అంది ఆ పిల్ల.

"జిగురు కాగిందే. ఇప్పుడు ఆపితే గడ్డకడుతుంది. ఎల్లుండికి ఆరిపోతుంది, అప్పుడు హాయిగా పాడుదువు గానీ."

నేను ఒకటి తగిలించాల్సింది వాడికి. తగిలించలేదు. కాగిన జిగురు పూశాక అయిదు లెక్కపెట్టేలోపు బిగించాలని నాక్కూడా తెలుసు. వాడితో ఉండి ఉండి నేనూ అట్లాగే తయారయ్యాను. "పట్టుకో అక్కా" అంటే సైకిల్ ట్యూబు ఒక కొస పట్టుకున్నాను. గిటార్ చుట్టూ బిగించి కట్టాం. మరదలు చూస్తూ కూర్చుంది. కాసేపటికి దిండు సర్దుకుని పడుకుంది.

మర్నాడు పొద్దున దానికి ఊపిరాడలేదు. ఆసుపత్రిలో ముక్కుకీ నోటికీ కలిపి గొట్టం బిగించారు. తీస్తే ప్రమాదమన్నారు. శుక్రవారం జిగురు ఆరింది. ట్యూబు విప్పి తీగలు కట్టి, గిటార్ తీసుకుని వార్డుకి వచ్చాడు. నర్సమ్మ తిట్టి బయట పెట్టించింది. ఉత్త చేతులతో వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. "ఆరిందే" అన్నాడు. నోటి మీద ఆ గొట్టంతో అది ఏం పాడుతుంది. వాడి మణికట్టు పట్టుకుని, దాని మీద వేలితో తాళం వేసింది. మొదటి సగం వేసింది, ఆగింది, వాడి మొహం చూసి, రెండో సగం కూడా వేసింది. మొత్తం వేసింది. రెండుసార్లు. ఆదివారం పోయింది.

అంటే ఏమైందో అర్థమైందా మీకు? రెండో సగంలో ఎన్ని దెబ్బలున్నాయో, ఎక్కడ సాగుతుందో, ఎక్కడ తెగుతుందో వాడికి తెలుసు. రాగం తెలీదు.

వాడు అడగని మనిషి లేడు. మిల్లులో దాని పక్కన పనిచేసిన ఆడవాళ్ల దగ్గరికి పోయాడు. ఆ మిషన్ల రొదలో ఎవరు పాడారో ఎవరికి వినపడుతుంది, పెదవులు కదలడం చూశామన్నారు. దర్జీ ఏదో అల్లి వాయించి చూపించాడు. "బాగుంది. అది కాదు" అన్నాడు వీడు. నా దగ్గరికొచ్చి, "అక్కా, ఇరవై ఏళ్లు పక్కనే ఉన్నావు, నీ చెవిలో ఏమన్నా మిగిలిందా" అన్నాడు. వాడి మొహం చూడలేక ఏదో తీశాను. ఓపిగ్గా చివరిదాకా విన్నాడు. "రేడియోలోది అక్కా అది" అని, నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

కొత్త గిటార్ మళ్లీ చేయలేదు. గిడ్డంగి పలకలన్నీ పొయ్యిలోకే పోయాయి. ఆదివారాలు మాత్రం ఆ ముగ్గురూ వచ్చేవాళ్లు. వీడు దాని కోసం చేసిన ఆ గిటార్ తీసి, అదిగో ఆ గోడకున్నదే, మొదటి సగం తీగల మీద వాయించేవాడు. సన్న తీగ దగ్గర ఆగేవాడు. తర్వాత తీగలు ముట్టుకోకుండా, గిటార్ పొట్ట మీద వేలికణుపుతో రెండో సగం కొట్టేవాడు, మరదలు తన మణికట్టు మీద కొట్టినట్టే, ఒక్క దెబ్బ అటూ ఇటూ కాకుండా. ఎవరూ గొడవపడేవాళ్లు కాదు. మెట్టు అరిగిందనీ తీగ వదులనీ ఎవరూ అనలేదు. గడియారాలాయన కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. నేను టీ గ్లాసులు తీసుకెళ్లి గుమ్మంలో నిలబడితే, అయిందాకా లోపలికి అడుగు పెట్టబుద్ధయ్యేది కాదు. ఆ వసారాలో చివరిదాకా వెళ్లిన పాట అదొక్కటే.

ఎనిమిదేళ్లు అట్లాగే నడిచింది. గిడ్డంగిలో పెట్టె విప్పుతూ గుండె ఆగి పడిపోయాడు.

వాడికప్పుడు యాభై ఏడేళ్లు.