డిటెక్టివ్ పరాంకుశ్ వాళ్ళ నాన్న

నా చిన్నప్పుడు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మధ్యాహ్నం అంటే డిటెక్టివ్ పరాంకుశ్. వర్క్‌షాపు కూత విని మగవాళ్ళు ఇంటికొచ్చి అన్నాలు తిని, మళ్ళీ కూతకు వెళ్ళిపోయేవారు. అప్పుడు ఆడవాళ్ళు అంట్లు తోముకుని, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ మా ఇంటి వెనక సందులో నీడపట్టున చేరేవారు. పక్కింటి అక్క గడప మీద కూర్చుని నవల చదివేది. మెట్టుగూడ చౌరస్తాలో అద్దె పుస్తకాల షాపు ఉండేది. వారానికో పాకెట్ నవల అక్కడినుంచి తెచ్చేది అక్క. సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చెయ్యాలి కాబట్టి ఒక్క మధ్యాహ్నంలోనే మొత్తం అయిపోవాలి. వినేవాళ్ళలో చాలామందికి చదువు రాదు. వచ్చిన ఒకరిద్దరికీ, విన్నదాన్ని మళ్ళీ చదువుకునే తీరిక ఎక్కడ ఏడ్చింది?

అసలు హత్య ఎవరు చేశారన్నది మాకు అంత ముఖ్యం కాదు. ఏ పుస్తకంలో చూసినా బట్టతల సేఠో, నల్లకళ్ళద్దాల సెక్రటరీయో చేసి ఉంటాడు. మాకు కావలసింది పరాంకుశ్ ఇంటి సంగతులు. అబ్బో, ఏం ఇల్లది! వాళ్ళ మేనత్త ఇంట్లో కూడా గొడుగు వేసుకుని తిరిగేది, ఎప్పుడో ఒకప్పుడు కప్పు కూలుతుందని. వాళ్ళ తాత గోడనిండా గడియారాలు తగిలించి, ఏ ఒక్కదాన్నీ ఇంకోదానితో కలవనిచ్చేవాడు కాదు. బాబాయి తనకు తానే ఉత్తరాలు రాసుకుని, పోస్టులో వేసి, వచ్చాక ఎవరు రాశారా అని ఆశ్చర్యపోయేవాడు. వాళ్ళ నాన్నగారైతే పరాంకుశ్ చిన్నతనంలో ఒకరోజు చెప్పు కుట్టించుకొస్తానని బయటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఊళ్ళోవాళ్ళ కేసులన్నీ చిటికెలో తేల్చే డిటెక్టివుకు సొంత తండ్రి మాత్రం దొరకలేదు. ప్రతి నవల చివరా వాళ్ళమ్మ ఆ రాత్రి ఆయనకు కూడా కంచం పెట్టేది. అక్కడితో పుస్తకం అయిపోయేది.

ఇక అక్కడ మొదలయ్యేది మా గోల. వచ్చే నవలలో ఏమవుతుందో తేల్చకుండా ఒక్కరూ లేచేవారు కాదు. ఆయన మారువేషంలో ఉన్న సీఐడీ అనేది గార్డుగారి భార్య. చివరింటి మామ్మ మాత్రం పెదవి విరిచి, “సీఐడీ లేదు, ఏం లేదు. ఇంకో సంసారం పెట్టిండు, గంతే” అని తేల్చేసేది. తలకు దెబ్బ తగిలి గతం మర్చిపోయి ఉంటాడని కొందరు, అన్ని పుస్తకాల్లోనూ తప్పించుకుపోతున్న ఆ ముసుగు దొంగే తండ్రి అని కొందరు. మేనత్త గొడుగు కర్రలో ఏదో ఉందని నా గట్టి నమ్మకం. మా తాతయ్య ఈ పిచ్చి కథలు తనకెందుకన్నట్టు మొహం పెట్టేవాడు గాని, రాత్రి అన్నం దగ్గర మాత్రం, “ఇంతకీ ఆ చెప్పులు కుట్టేవోడిని ఎవరైనా అడిగినారా?” అనేవాడు.

ఒకసారి బొల్లారం నుంచి మా పిన్ని వచ్చింది. తను కూడా పరాంకుశ్ నవలలు చదువుతానంది. తీరా మాటల్లోకి దిగితే ఆమెకు గొడుగు అత్తా తెలియదు, గడియారాల తాతా తెలియదు. మా వాళ్ళు ఆమె వంక జాలిగా చూశారు. “మీ బొల్లారం దుకాణంల అన్నీ చినిగిన పుస్తకాలే ఉంటయ్. పేజీలు పోయినయ్ చూస్కో” అంది మామ్మ. పిన్ని కూడా అదే నిజమనుకుని, ఆ షాపువాణ్ణి తిట్టుకుంటూ వెళ్ళింది. పక్కింటి అక్క తన పుస్తకం తీసి లోపల పెట్టేసింది.

ఇప్పుడు మా నాన్న సంగతి చెప్పాలి. మా నాన్నా, అమ్మ తండ్రి అయిన తాతయ్యా ఇద్దరూ వర్క్‌షాపులోనే పనిచేసేవారు. క్వార్టరు తాతయ్యది. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు పొద్దున్నే నాన్న డ్యూటీకని బయలుదేరాడు. గేటు లోపలికి వెళ్ళలేదు. మధ్యాహ్నం కూతకూ, సాయంత్రం కూతకూ అందరూ వచ్చారు, ఆయన రాలేదు. సికింద్రాబాద్ స్టేషనులో చూశామని ఒకరన్నారు, కాజీపేటలో టీ తాగుతుంటే చూశామని ఇంకొకరన్నారు. తాతయ్య తన పాసు మీద ఎక్కగలిగిన రైళ్ళన్నీ ఎక్కి వెతికాడు. విజయనగరం దగ్గర మా సొంతూరికీ వెళ్ళి వచ్చాడు. ఎక్కడా లేడు. ఇంట్లో గొడవేమీ జరగలేదు. ఎందుకు వెళ్ళాడో ఈ రోజుకీ నాకు తెలియదు.

అమ్మ ఆ తర్వాత మాట్లాడడం మానేసింది. మూగనోము పట్టినట్టు. తిన్నావా, పడుకో, ఇంతే ఆమె మాటలు. కానీ ప్రతిరాత్రీ నాన్న కంచంలో అన్నం పెట్టి, పైన ఇంకో కంచం బోర్లించి, పొయ్యి పక్కన ఉంచేది. పొద్దున్న అందులో ఇంత మజ్జిగ పోసి, ఉల్లిపాయా ఆవకాయబద్దా వేసి నాకు పెట్టేది. రెండేళ్ళు నాన్న అన్నం తినే నేను పొద్దుటిపూట బడికి పోయాను.

అలాంటి అమ్మ సందులో పరాంకుశ్ కథ దగ్గర నోరు విప్పింది. ఆ మొదటిసారి నాకు బాగా గుర్తు. కంచం పెట్టడం ఎందుకు, అన్నం దండగ కాదా అని ఎవరో అన్నారు. చివర్న గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మ, “దండగేటి? ఏ రోజో ఆకలేసి ఒచ్చీసినాడనుకో. అన్నం లేదంటే మళ్ళీ ఎల్లిపోడా?” అంది. గార్డుగారి భార్య జరిగి, అమ్మకు తన పక్కన చోటిచ్చింది. ఆ రోజు నుంచి అమ్మ సందులో ప్రతిసారీ ఎంతో కొంత మాట్లాడేది. ఆయన మీద కోపం వస్తే, “చెప్పు కుట్టించుకోడానికి ఇన్నేళ్ళేటి? కాళ్ళు ఇరగా!” అని తిట్టేది కూడా. అందరూ తలలూపేవారు. మా నాన్న పేరు మాత్రం ఆ సందులో ఒక్కరూ ఎత్తలేదు.

నేనింకా దూరం పోయాను. పరాంకుశ్ వాళ్ళ నాన్న దొరికిన రోజున మా నాన్న కూడా వస్తాడని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. పిల్లల లెక్కలు అలాగే ఉంటాయి మరి. చివరి పేజీ దగ్గర అక్క గొంతు నెమ్మదించగానే సందు మొదటికేసి చూసేదాన్ని. వాళ్ళమ్మ కంచం పెట్టేది, పుస్తకం మూతపడేది.

నాలుగో తరగతికి వచ్చేసరికి నాకు చదవడం బాగానే వచ్చేసింది. ఆ వారం అక్క పుస్తకం తెచ్చి, కిటికీలో పెట్టి, నీళ్ళు పట్టడానికి కుళాయి దగ్గరకు పోయింది. నేను ఆ పుస్తకం తీసుకుని వాళ్ళ మంచం కింద దూరాను. నాన్న దొరికాడో లేదో ముందే చూసెయ్యాలని. చివరి పేజీ చూశాను. పరాంకుశ్ హోటల్ గదిలో ఒంటరిగా సిగరెట్టు ముట్టించాడు, అంతే. కంచం లేదు. వెనక్కి తిప్పాను. గొడుగు లేదు, గడియారాలు లేవు, బాబాయి లేడు. అమ్మే లేదు. పేజీలు చినిగి ఉంటాయని అంకెలు చూశాను. ఒక్కటీ పోలేదు.

అక్క నన్ను కాలు పట్టుకుని బయటికి లాగింది. నా మొహమూ, చేతిలో పుస్తకమూ చూసింది. బిందె దించి, చాటలో బియ్యం పోసుకుని, రాళ్ళు ఏరుతూ, “అవును పిల్లా. అదంత నేనే చెప్పిన” అంది. ఎందుకన్నాను. మొదట ఊరికే నవ్వించడానికి గొడుగు అత్తను పెట్టిందట. తర్వాత ఒకరోజు మా వంటింట్లో బోర్లించిన కంచం చూసిందట. “మీ అమ్మ గొంతు ఇనక శాన దినాలైతుండె” అంది.

నాకు అదంతా ఎక్కలేదు. నాకు ఎక్కింది ఒక్కటే. కథ ఈమె చేతుల్లో ఉంది. అయితే ఇంకేం! ఆమె మోకాళ్ళు పట్టుకుని, ఈసారి వాళ్ళ నాన్నను రప్పించమని బతిమాలాను. ఒక్క మాట చెబితే చాలుగా, ఏం పోతుంది అన్నాను. నా పలకా, నా గాజులూ ఇచ్చేస్తానన్నాను. అక్క చాట కింద పెట్టింది.

“పరాంకుశ్ నాయిననైతే ఒక్క మాటల తెస్త. మీ నాయినను యాడికెల్లి తేవాలె? ఆయన ఆడ ఒచ్చిండనుకో, రేపటి సంది మీ అమ్మ ఈడ గుమ్మంల్నే నిలవడ్తది. గంత పాపం నాతోని గాదు పిల్లా.”

నేనామె చెయ్యి కొరికి పారిపోయాను. ఎంత కోపమో! చేతిలో ఉన్న పని చెయ్యను అనే మనిషిని ఎలా క్షమించాలి? ఆ మధ్యాహ్నం నేను సందులోకి వెళ్ళలేదు. ఇంట్లో పడుకుని విన్నాను. గోడ అవతల మేనత్త గొడుగుకు చిల్లు పడింది, అందరూ పగలబడి నవ్వారు, చివర్న కంచం పెట్టారు. మా అమ్మ ఏదో అంటోంది. ఆ గొంతు వింటూ, వాళ్ళకు నిజం చెప్పేద్దామని లేచిన దాన్నే మళ్ళీ పడుకున్నాను.

ఆ ఏడు వేసవిలోనే అక్క వాళ్ళ నాన్నకు కాజీపేట బదిలీ అయింది. రైల్వేవాళ్ళకిది మామూలే, సామాను కట్టుకోవడం, పోవడం. ఆఖరి రోజు నేను కూడా సందులో కూర్చున్నాను. గార్డుగారి భార్య, “నువ్ పోతే ఇగ మాకు ఎవరు చెప్తరు? ఏదో ఒకటి తేల్చిపో” అంది, నవలలు రాసేది అక్కే అయినట్టు. పాపం, ఆమెకేం తెలుసు! అక్క నా వైపు చూసింది. నేను కళ్ళతోనే మళ్ళీ అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను. తెచ్చెయ్, వెళ్ళిపోతున్నావు కదా, తెచ్చెయ్.

అక్క పుస్తకంలోకి చూస్తూ చదివింది. ఆ రాత్రి పరాంకుశ్ వాళ్ళమ్మ కంచాలు పెట్టింది. మామగారికి, ఆడపడుచుకు, మరిదికి, కొడుకుకు, తనకు. ఇంకో కంచం తుడిచి పై అటక మీద పెట్టింది. అందరితో పాటు తానూ వేడివేడిగా అన్నం తింది.

అమ్మ అడిగింది, “అదేటి, ఆయనికి పెట్టలేదేటి?”

“లేదు వదినె” అంది అక్క, పుస్తకం మీంచి తల ఎత్తకుండా. “గింతే ఉన్నది.”

మర్నాడు పొద్దున్న నేను మొహం కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను. పొయ్యి పక్కన కంచం లేదు. అమ్మ ఉప్మా కలుపుతోంది. చద్దన్నం ఏదని అడిగాను. లేదంది. అప్పుడు తెలిసింది నాకు, మా నాన్న ఇక రాడని. రెండేళ్ళలో ఎవరెన్ని చెప్పినా తెలియనిది అప్పుడు తెలిసింది. ఉప్మా ముందు పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ ఓదార్చలేదు, తినమంది.

ఆయన రాలేదు. ఉన్నాడన్న కబురు లేదు, పోయాడన్న కబురూ లేదు. చివరిదాకా అమ్మ బొట్టు పెట్టుకోవాలో తీసెయ్యాలో చెప్పగలిగినవాళ్ళు లేకపోయారు. పక్కింటి అక్కను కూడా మళ్ళీ చూడలేదు. అమ్మ ముసలితనంలో ఒకసారి, ఆ నవలల్లో పరాంకుశ్‌కు కుటుంబమే లేదని ఆమెకు చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు. “నాకు చదువు రాదు గాని కళ్ళు లేవేటి? ఆ ముక్కలు చదివినప్పుడు ఆ పిల్ల పేజీ తిప్పీది కాదు” అంది.

ఈమధ్య మా మనవరాలు నన్ను పాత పాకెట్ నవలల అభిమానుల గ్రూపులో చేర్చింది. అంతా నాలాంటి తల నెరిసినవాళ్ళే. నవలలు ఇంకా వచ్చి ఉంటే పరాంకుశ్ పెళ్ళి చేసుకునేవాడా, ఆ ముసుగు దొంగ ఏమయ్యేవాడు అని పొద్దస్తమానం వాదించుకుంటారు. ఉండబట్టలేక వాళ్ళ నాన్న గురించి మీరేమనుకుంటున్నారని పెట్టాను. పరాంకుశ్ అనాథ కదండీ అని ఒకాయన. మీ కాపీలో వేరే పుస్తకం పేజీలు కలిసిపోయి ఉంటాయి మేడమ్ అని ఇంకొకాయన. ఆ గొడుగు, ఆ గడియారాలు, ఆ కంచం గుర్తున్నదాన్ని ఇక నేనొక్కతినే. నాతో అదీ అయిపోతుంది.

మనవరాలు వదల్లేదు. కథంతా చెప్పించుకుని, తాతమ్మ వాళ్ళాయన ఏమై ఉంటాడోనని తనూ మొదలుపెట్టింది. మెమరీ పోయిందేమో, పేరు మార్చుకున్నాడేమో, ఆన్‌లైన్‌లో వెతికితే దొరుకుతాడేమో. దాని కళ్ళు మెరుస్తున్నాయి. ఉండొచ్చులే, దొరుకుతాడులే అనడానికి నాకూ ఒక్క మాట చాలు. ఆ మాట నేను ఎవరితోనూ అనను, ఎంత ఏడుస్తున్నవాళ్ళతోనైనా సరే. పక్కన కూర్చుంటాను గాని అనను. ఊహించినంతసేపు దాన్ని ఊహించుకోనిచ్చి, వేళైందని లేచి, ఉన్నవాళ్ళకు కంచాలు పెట్టాను.