మడతలో ఉంచిన సందు

"తెరుచుకోకపోతే, అత్తా?"

పొద్దుట్నుంచి ఇంజినీరమ్మ ఆ మాట అనడం అది నాలుగోసారి. అట్టలత్త తలెత్తకుండా చేతులు తుడుచుకుంటోంది.

"పిల్లాడికి జ్వరమేమోనని పొద్దున బెంగపడ్డావుగా, ఉందా?"

"లేదు. పిల్లల్ని చూసుకునే సెంటర్‌కి రెండుసార్లు ఫోన్ చేశా."

"అయితే ఫోనెత్తేవాళ్లకి వచ్చుంటుంది."

అట్టలత్త ఇరవై రెండేళ్లు ఒక కార్ఖానాలో అట్టపెట్టెలు మడిచింది. ఉపగ్రహాల ల్యాబ్ వాళ్లు నమూనా కోయించుకోడానికి ఆ కార్ఖానాకి వెళ్లినప్పుడు, వాళ్ల చేతిలోని, మడతలతో చేసిన ఓరిగామి కాగితం పువ్వుని తిప్పి చూసింది. "కాగితానికి ఒళ్లు లేదు కాబట్టి ఒదిగింది. మీ సోలార్ ప్యానెల్‌కి మందంగా ఒళ్లుందిగా, మడతలో దానికి చోటేదీ?" అంది. వారం తిరక్కుండా ఆవిడ ల్యాబ్‌లో చేరింది.

విప్పితే గదంత, మడిస్తే బకెట్టంత ఉండే ప్యానెల్ ఇది. ఇవాళ్టి పరీక్షలో తెరుచుకోకపోతే ఉపగ్రహానికి పాత బరువు ప్యానెలే బిగిస్తారు. ఇంజినీరమ్మ మూడేళ్ల పని అటకెక్కుతుంది.

మడతల్ని కట్టి ఉంచిన తాడుని వేడి తీగ కోసింది. ఒక రెక్క విచ్చుకుంది. రెండోది కూడా. మూడోది సగంలో ఆగి వణికింది. నాలుగోది కదల్లేదు.

ల్యాబ్ చీఫ్ గడియారం చూశాడు. "భోజనాలయ్యాక ఇంకొక్కసారి. అంతే."

అట్టలత్త మడత అంచు మీద బొటనవేలు నడిపింది. "నిన్న నేను వెళ్లాక దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

ఇంజినీరమ్మ ఒక అడుగు ముందుకేసింది.

"నేనే. ఉబ్బినట్టు కనిపించింది. రాకెట్ కుదుపులకి విడిపోతుందేమోనని, ప్రతి మడతా అరచేత్తో నొక్కి, తాడు ఇంకో రెండు చుట్లు బిగించాను."

"నేను ఉంచిన సందుని నీ భయంతో పూడ్చేశావన్నమాట. అందుకే పలకలు ఒకదాన్నొకటి పట్టేశాయి."

చీఫ్ నోరు తెరవబోయాడు. "తిట్లు తర్వాత. ముందు వెలుగుకి అడ్డం తప్పుకోండి సార్," అంది అట్టలత్త.

ప్రతి మడత లోపలా సన్నటి అట్టముక్క పెట్టి మడిచి, మెల్లగా లాగేసింది. అది వదిలిన చోటే సందు. ఇంజినీరమ్మ చెయ్యి ఉండబట్టలేక ముందుకెళ్లింది. అట్టలత్త దాని మీద చురుక్కుమని ఒక్కటి వేసింది.

భోజనం ఎవరికీ సహించలేదు. మళ్లీ తీగ వేడెక్కింది. ఒకటి. రెండు. మూడోది అదే చోట తడబడింది. రెక్క జారినట్టు విడిపోయింది, వెనకే నాలుగోదీ. చీఫ్ కాగితం మీద టిక్కు పెట్టి వెళ్లిపోయాడు.

"మీకు భయం వెయ్యదా అత్తా?"

"ఎందుకెయ్యదు? పడాల్సిన భయమంతా మడిచేటప్పుడే పడతాను."

ఆ తర్వాత ఆవిడ అన్న మాట ఇప్పుడు ఇంజినీరమ్మ ఇంట్లోనూ నడుస్తోంది. పిల్లాడికి కప్పిన దుప్పటి ఆమె మళ్లీ సర్దబోతే, భర్త అట్టలత్త గొంతు పెట్టి అందుకుంటాడు:

"ఒకసారి సరిగ్గా చూశావుగా. ఇంక చేతులు వెనక్కి కట్టుకో."